చెన్నపట్నానికి నేల కుదిర్చిన పాలకొల్లు దుబాసీ

రాజోలు సీమవారు దిండి దాటి చించినాడ వంతెన ఎక్కితే వశిష్ఠకు ఆవలి గట్టు చేరతారు. అక్కడికి పాలకొల్లు ఎంతో దూరం లేదు. బట్టల కొనుగోలుకు, బేరసారాలకు, క్షీరారామలింగేశ్వరుని దర్శనానికి కోనసీమవారు తరతరాలుగా ఆ ఊరు వెళ్లివస్తూనే ఉన్నారు. దాదాపు 385 ఏళ్ల కిందట ఆ పాలకొల్లు నుంచి దక్షిణాదికి వెళ్లిన ఒక వర్తకుడు, సముద్రపు ఒడ్డున ఇసుక తిన్నెల మీద ఒక మహాపట్టణం లేవడానికి కారకులైన కొద్దిమందిలో ఒకడయ్యాడు. ఆయన పేరు బేరి తిమ్మన్న. కొందరు తిమ్మప్ప అంటారు. ఆ పట్టణం చెన్నపట్నం, అంటే నేటి చెన్నై.

తిమ్మన్నది పాలకొల్లు అనేది వాడుకలో ఉన్న ప్రతీతి. ఆయన దుబాసీ, వర్తకుడు, గుడి కట్టించిన ధర్మకర్త. కొత్త ఊరికి జనాన్ని రప్పించి, ఇళ్లు లేపించి, నిలబెట్టిన పెద్ద. అదే మనిషి చివరకు ఇంగ్లీషువారి కొనుగోళ్లన్నీ తన గుప్పిట్లో పెట్టుకున్న ఇద్దరు ప్రధాన వర్తకులలో ఒకడు కూడా అయ్యాడు. అందుకే ఆయన పేరు ఎత్తితే ఇప్పటికీ రెండు మాటలు వినిపిస్తాయి. పట్టణం కట్టినవాడని కొందరు, తెల్లవారికి దారి చూపినవాడని కొందరు. అసలు జరిగినదేమిటో వరుసగా చూస్తే రెండు మాటల్లోనూ నిజం ఎంత ఉందో తెలుస్తుంది.

గోదావరి పాయల మీద గుడ్డల బేరం

ఈస్టిండియా కంపెనీ ఓడ మచిలీపట్నం రేవుకు మొదటిసారి వచ్చినది 1611లో. వారికి కావలసినది మన నేతబట్ట. దానిని జావా, సుమత్రా దీవులకు తీసుకుపోయి మిరియాలకు, సుగంధద్రవ్యాలకు మార్చుకునేవారు. తరువాత తిన్నగా ఇంగ్లండుకే పంపసాగారు. బట్ట ఎక్కడ నేస్తే అక్కడికి వర్తకులు చేరారు. ఇంగ్లీషువారు వీరవాసరంలో, ఆ తరువాత నరసాపురం పక్కనున్న మాధవాయపాలెంలో గిడ్డంగులు పెట్టారు. ఒలందావారు (డచ్చివారు) పాలకొల్లులోనే స్థావరం ఏర్పరచుకున్నారు. మాధవాయపాలెం నుంచి వెళ్లిన బట్టకు ‘మడపోలం’ అనే పేరు స్థిరపడి ఇంగ్లీషు నిఘంటువులకు ఎక్కింది. కోనసీమలో బెండమూర్లంక వద్ద, యానాం చెంత ఇంజరం వద్ద ఇంగ్లీషు కొట్లు వెలసినది తరువాతి కాలంలో, 18వ శతాబ్దంలో.

ఈ బేరం జరిగే పద్ధతి కోనసీమ రైతుకు కొత్తగా చెప్పనక్కరలేదు. కొబ్బరి దింపు కాకముందే వర్తకుడు బయానా ఇచ్చి తోటలో కాయంతా తనకేనని మాట తీసుకున్నట్లే, ఓడ రాకముందే కంపెనీవారు నేతపనికి డబ్బు ముందుగా ఇచ్చేవారు. ఆ డబ్బు పెద్ద వర్తకుడికి చేరేది. అతడు చిన్న వర్తకులకు, వారు సాలెవారికి ఇచ్చేవారు. నేసిన బట్టను కంపెనీ గిడ్డంగిలో నమూనాతో సరిచూసేవారు. పొడవు తగ్గినా, నేత పలచబడినా తిరగ్గొట్టడమో, ధర తగ్గించడమో జరిగేది. నష్టం చివరకు మగ్గం మీద పడేది. బయానా తీరేవరకు సాలెవాడు మరొకరికి నేయడానికి వీలుండేది కాదు.

ఇంగ్లీషు దొరకు తెలుగు రాదు, తమిళం రాదు. సాలెవాడికి ఇంగ్లీషు రాదు. ఈ ఇద్దరి నడుమ నిలిచినవాడు దుబాసీ, అంటే రెండు భాషలు తెలిసినవాడు. అతడు మాట తర్జుమా చేసి ఊరుకునేవాడు కాదు. ధర కుదిర్చేది అతడే, అప్పుకు పూచీ పడేది అతడే, దొరకు ఊరివారిని, ఊరివారికి దొరను పరిచయం చేసేది అతడే. ఇరువైపుల మాటా తెలిసినవాడు అతడొక్కడే కనుక ఇరువైపులవారూ అతడినే నమ్మవలసి వచ్చేది. తిమ్మన్న ఎదిగినది ఈ వృత్తిలోనే.

దక్షిణానికి ఎందుకు పోయారు?

మచిలీపట్నం అప్పుడు గోల్కొండ సుల్తాను ఏలుబడిలో ఉంది. అక్కడి అధికార్ల వసూళ్లకు అంతులేదని కంపెనీవారి ఫిర్యాదు. మరోవైపు ఒలందావారి పోటీ. అందుచేత 1626లో నెల్లూరు తీరాన దుర్గరాజపట్నంలో ఒక చిన్న కోట కట్టుకున్నారు. అక్కడ సరుకు చాలలేదు, నేతగాళ్లు తక్కువ. ఆ కోటలో పనిచేసిన ఫ్రాన్సిస్ డే అనే ఉద్యోగి ఇంకా దక్షిణాన మంచి చోటు కోసం వెతకడం మొదలుపెట్టాడు.

ఆ రోజుల్లో ఆ సీమకు పేరుకు ప్రభువు చంద్రగిరి రాయలు. విజయనగర వంశంలో మిగిలిన కొమ్మ అది. వాస్తవంగా పాలించేది తెలుగు నాయకులైన దామర్లవారు. దామర్ల చెన్నప్ప నాయకుని కుమారులలో వెంకటాద్రి వందవాసి కేంద్రంగానూ, అయ్యప్ప పూందమల్లి కేంద్రంగానూ వ్యవహారాలు చూసేవారు. తమ తీరానికి ఉత్తరాన ప్రళయకావేరిలో ఒలందావారు, దక్షిణాన శాంథోమ్‌లో బుడతకీచులు ఉన్నారు. మూడో వర్తకుడు వస్తే సుంకం పెరుగుతుంది, మంచి గుర్రాలు దొరుకుతాయి, ఆ ఇద్దరి పంతాలకు అడ్డుకట్టా పడుతుంది అని నాయకుల ఆలోచన. అందుచేత డేను పిలిచి మాట్లాడారు.

చూపించిన చోటు మద్రాసపట్నం అనే పల్లె పక్క ఇసుక తిన్నె. ఒక పక్క సముద్రం, మరొక పక్క ఏరు, దక్షిణాన కూవం నది సంగమం. ఓడలకు రేవు లేదు. ఓడ దూరాన లంగరు వేస్తే, మనుషులూ సరుకూ మసూలా పడవల్లో కెరటాలను దాటుకుని ఒడ్డుకు రావాలి. 19వ శతాబ్దం చివర హార్బరు కట్టేవరకు ఆ ఊరి పరిస్థితి అదే. రేవు లేనిచోట రేవు పట్టణం ఏమిటని నాడే అడిగినవారున్నారు. డే దగ్గర ఉన్న సమాధానం ఒక్కటే: ఇక్కడ బట్ట ఇతర చోట్లకన్న నూటికి 20 వంతులు చౌక. శాంథోమ్‌లో ఆయనకు ఒక స్త్రీతో స్నేహం ఉందని, అందుకే ఆ దగ్గరలో చోటు ఎంచుకున్నాడని తోటివారు గుసగుసలాడుకున్నారు. ఆ పుకారు పుస్తకాలకూ ఎక్కింది.

కాగితం మీద మాట ఒకటి, నోటి మాట ఒకటి

1639లో వెంకటాద్రి నాయకుడు డేకు కౌలు ఇచ్చాడు. తేదీ జూలై 22 అని కొందరు, ఆగస్టు 22 అని కొందరు వాదిస్తారు. చెన్నైలో ఆగస్టు 22ను పట్టణం పుట్టినరోజుగా జరుపుకుంటున్నారు. కౌలు ప్రకారం ఆ ఊరి పాలన రెండేళ్లపాటు కంపెనీది. రాబడిలో చెరిసగం. కంపెనీ సరుకుకు సుంకం లేదు. నాణేలు ముద్రించుకోవచ్చు. కోట ఉండవచ్చు.

తకరారు వచ్చినది ఆ కోట దగ్గరే. కౌలు చదివిన ఇంగ్లీషువారు, కోటను నాయకుడే తన ఖర్చు మీద కట్టించి ఇస్తాడని అర్థం చేసుకున్నారు. ఆ ఆశతోనే 1640 ఫిబ్రవరి 20న మచిలీపట్నం ఏజెంటు ఆండ్రూ కోగన్, డే కలిసి కొద్దిమంది సోల్జర్లతో, పనివాళ్లతో, కంపెనీకి తుపాకిమందు చేసే నాగభట్టుతో ఆ ఇసుక మీద దిగారు. డబ్బు మాట ఎత్తేసరికి నాయకుడు తాను అటువంటి మాట ఇవ్వనే లేదన్నాడు. తర్జుమాలో తేడా వచ్చిందని తేలింది. అప్పటికి ఓడలు వచ్చేశాయి, మనుషులు దిగిపోయారు, వెనక్కి పోయేందుకు లేదు.

ఖర్చుకు పెట్టే డబ్బుకు వడ్డీ తాను భరిస్తానని డే ముందుకు వచ్చాడు. తరువాత ఆ మాట నిలవలేదు. వ్యయమంతా కంపెనీ పద్దులోకే పోయింది. 1644 నాటికి కోటకు 2,294 పౌండ్లు ఖర్చయింది. ఇంకా 2,000 పౌండ్లు కావాలని, కాపలాకు 100 మంది సిపాయిలు ఉండాలని లెక్క తేలింది. లండన్‌లో డైరెక్టర్లు మండిపడ్డారు. డే స్వదేశం వెళ్లి సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. కోట ఖర్చుకు కోగన్‌నూ నిలదీశారు. ఈనాడు మహానగరానికి పునాది అని పొగుడుతున్న పని ఆనాడు దుబారా కింద లెక్క.

అరటితోట కథ

నాయకుడు ఇచ్చిన నేల ఖాళీ నేల ఏమీ కాదు. అక్కడ వలలు వేసుకునే బెస్తపల్లె ఉండేది. ఆ పల్లె పెద్ద గురించి ఒక కథ మద్రాసులో తరతరాలుగా చెప్పుకునేవారు. ఆయన పేరు మాదరేశన్ అట. కోట కట్టదలచిన చోట ఆయన అరటితోట ఉందట. ఎంత చెప్పినా తోట ఇవ్వనన్నాడట. అప్పుడు తిమ్మన్న మధ్యలోకి వచ్చి, కట్టబోయే స్థావరానికి నీ పేరే పెట్టిస్తామని ఒప్పించాడట. అందువల్లనే మద్రాసపట్నం అనే పేరు వచ్చిందని ఆ కథ చెబుతుంది.

చరిత్రకారులు దీనిని యథాతథంగా తీసుకోరు. డే వచ్చేసరికే ఆ పల్లెకు మద్రాసపట్నం అన్న పేరు కౌలులో కనిపిస్తోంది. అయినా జనం నోట ఈ కథ ఇలా నిలవడంలో ఒక విషయం ఉంది. పైనుంచి నాయకుడు కౌలు రాసి ఇస్తే సరిపోలేదు. నేల మీద ఉన్నవాడిని ఒప్పించే పని మరొకటి మిగిలింది. ఆ పనికి కంపెనీవారు దుబాసీనే ముందుకు తోశారు. పేరు దక్కింది, తోట పోయింది అన్న సంగతి కథ చెప్పేవారికీ తెలుసు.

ఊరు నింపిన విధానం

కోటలో పాతికమంది సోల్జర్లు ఉన్నంతమాత్రాన ఊరు కాదు. నేతగాళ్లు రావాలి, అద్దకపువారు రావాలి, బట్టను చలువ చేసే చాకళ్లు రావాలి, బియ్యం తెచ్చేవారు రావాలి. కొత్తగా వచ్చి ఇల్లు వేసుకున్నవారికి తినే సరుకు మీద, తాగే సరుకు మీద, కట్టే బట్ట మీద 30 ఏళ్లపాటు సుంకం ఉండదని కంపెనీ పేరిట చాటించారని తొలినాళ్ల వృత్తాంతాలు చెబుతున్నాయి. ఇసుక మీద స్థలం, సుంకం మాఫీ, కోట ఫిరంగుల నీడ, చేతికి ముందుగా బయానా. చుట్టుపట్ల యుద్ధాలతో, అధికార్ల వసూళ్లతో విసిగిన కులవృత్తులవారికి ఇది పెద్ద ఆశే. ఏడాది రెండేళ్లలోనే మూడు నాలుగు వందల నేత కుటుంబాలు చేరాయి.

ఈ జనంలో తెలుగువారు ఎందరో. వర్తకులలో వారిదే పైచేయి. కోటకు ఉత్తరాన వెలసిన దేశీయుల పేటను ఇంగ్లీషువారు బ్లాక్ టౌన్ అన్నారు, తెలుగువారు చెన్నపట్నం అన్నారు. దామర్ల చెన్నప్ప పేరు మీదుగా వచ్చిన పేరది. దామర్లవారిలోనే అంకభూపాలుడనే కవి రాసిన ‘ఉషాపరిణయం’ అనే తెలుగు ప్రబంధంలో, తన సోదరుడు అయ్యప్ప తండ్రి పేరిట ఈ పట్టణాన్ని నిలిపాడని ఉంది. అంటే పట్టణం కట్టిన ఘనత కోసం పోటీ ఆనాడే మొదలైంది. ఇంగ్లీషువారు డే అన్నారు, దామర్లవారు అయ్యప్ప అన్నారు, జనం తిమ్మన్న అన్నారు.

జనం అలా అనడానికి ముఖ్య కారణం గుడి. కొత్త పేట మధ్యన చెన్నకేశవస్వామి ఆలయం వెలసింది. దానికి సంబంధించి రెండు దానపత్రాలు ఉన్నాయి. ఒకటి 1646లో తుపాకిమందు నాగభట్టు ఇచ్చినది, రెండవది 1648లో బేరి తిమ్మన్న ఇచ్చినది. చెన్నపట్నంలో ఆలయం నిర్మించి, దాని నిర్వహణను అప్పగిస్తున్నట్లు తిమ్మన్న పత్రం చెబుతుంది. పట్టణాన్ని చెన్నపట్నం అని పేర్కొన్న తొలి ఆధారాలలో ఇవి లెక్కకు వస్తాయి. పక్కనే చెన్నమల్లేశ్వరాలయం. ఊరికి ఈ రెండూ కలిపి పట్నం కోవెల.

గుడి కట్టడంలో భక్తి ఎంత ఉందో వ్యవహారం అంత ఉంది. ఎక్కడెక్కడినుంచో వచ్చిన జనానికి పండుగ, పెళ్లి, ప్రమాణం, పంచాయతీ అన్నిటికీ ఒక చోటు కావాలి. గుడి లేని ఊళ్లో పిల్లనివ్వడానికి జంకే రోజులు అవి. దేవుడు వెలిసిన తరువాత వచ్చినవారు కాపురాలు పెట్టారు. ఇసుక మీద ఇల్లు వేసుకోవడానికి కోటకన్న ఎక్కువ ధైర్యం ఇచ్చినది ఆ గుడి.

కరువు, యుద్ధం, కొత్త ప్రభువు

పట్టణానికి పదేళ్లు నిండకముందే రెండు దెబ్బలు తగిలాయి. చంద్రగిరిలో వెంకటపతి రాయలు 1642లో పోయారు. తరువాత వచ్చిన శ్రీరంగరాయలు 1645లో కౌలును ఖాయపరిచారు కాని, ఆయన రాజ్యమే నిలవలేదు. గోల్కొండ సేనాని మీర్ జుమ్లా ఆ సీమను ఆక్రమించాడు. యుద్ధానికి తోడు 1646–47లో ఘోరమైన కరువు. ఆ తీరంలోని పట్టణాలన్నిటా వేల ప్రాణాలు పోయాయి. సుంకం మాఫీ చూసి వచ్చిన సాలెవారిలో ఎందరో ఆ ఇసుకలోనే కలిసిపోయారు.

గోల్కొండవారితో బేరం మళ్లీ మొదలైంది. 1658లో ఏటా 380 వరహాలు కట్టేటట్లు ఒప్పందం కుదిరింది. 1672లో నెక్నాంఖాన్ ఇచ్చిన కౌలుతో అది 1,200 వరహాలకు నిలిచింది. రెండేళ్ల గడువుతో మొదలైన నేల, సగం రాబడి వాటా పోయి, ఏటికి ఇంత అని స్థిరమైన మొత్తం మీద కంపెనీ చేతికి వచ్చింది. ప్రభువులు మారారు, రాజ్యాలు పోయాయి, కాగితం మాత్రం ప్రతిసారీ కంపెనీకే అనుకూలంగా తిరగరాయబడింది.

కుడిచేయి, ఎడమచేయి

జనం పెరిగిన కొద్దీ తగవులు పెరిగాయి. దక్షిణాదిన వృత్తి కులాలు కుడిచేయి, ఎడమచేయి అని రెండు వర్గాలు. ఏ వీధిలో ఎవరి పెళ్లి ఊరేగింపు పోవాలి, ఎవరికి గుర్రం, ఎవరికి గొడుగు అన్న దానిమీద 1652లో పెద్ద కొట్లాట జరిగింది. పాతవూళ్లలో ఈ మర్యాదలకు తరాల వాడుక ఉంటుంది. ఇక్కడ వీధులన్నీ పన్నెండేళ్ల వయసువే. ఎవరి హక్కు ఎంతవరకో చెప్పే వృద్ధులు లేరు. చివరకు కంపెనీ దొరలే తీర్పరులై వీధులను రెండు వర్గాలకూ పంచారు. 1707లో గవర్నరు థామస్ పిట్ కాలంలో మళ్లీ అదే తగవు, మళ్లీ అదే పంపకం.

ఇదే కాలంలో కంపెనీ నౌకర్లలోనూ ముఠాలు ఏర్పడ్డాయి. వెంకట, కన్నప్ప అనే సోదరులు చావడి అధికారం చేతిలో పెట్టుకుని వర్తకులను, నేతగాళ్లను పీడించారని 1650లలో అర్జీలు దాఖలయ్యాయి. వారి వెనుక ఒక దొర, ఎదిరించేవారి వెనుక మరొక దొర. దుబాసీగా ఉండడం అంటే బేరం ఒక్కటే కాదు, దొరల కక్షల్లో ఒక పక్షం వహించడం కూడా అని ఆ అర్జీలు చూపిస్తాయి.

ప్రధాన వర్తకులు

1660లలో కంపెనీ కొనుగోళ్లు బేరి తిమ్మన్న, కాశీ వీరన్న అనే ఇద్దరు తెలుగువారి చేతికి వచ్చాయి. ఇంగ్లండు నుంచి వచ్చిన వెండి, బంగారం వారికి ముందుగా అందేది. బట్ట సేకరించి ఓడకు ఎక్కించే బాధ్యత వారిది. కోటలో దొరలు కొట్లాడుకున్నారు. 1665లో సర్ ఎడ్వర్డ్ వింటర్ కొత్త గవర్నరు ఫాక్స్‌క్రాఫ్ట్‌ను ఖైదు చేసి 1668 వరకు తానే పాలించాడు. గవర్నర్లు తారుమారైనా ప్రధాన వర్తకులు లేనిదే సరుకు కదిలేది కాదు.

కంపెనీకి ఇందులో సౌకర్యం ఉంది. వంద మందితో బేరమాడనక్కరలేదు. బయానా మునిగితే ఇద్దరిని అడిగితే చాలు. చిన్న వర్తకుడికి, సాలెవాడికి మాత్రం ఇది దారి మూసుకుపోవడమే. సరుకు ఎవరికి అమ్మాలన్నా ఆ ఇద్దరి మనుషుల ద్వారానే అమ్మాలి. ధర వారు చెప్పినదే. కంపెనీ తిరగ్గొట్టిందంటే అది నిజమో కాదో తెలుసుకునే మార్గం లేదు. 1639లో కౌలు చదివి చెప్పే ఒక్కడి మాట మీద దొరలు ఎలా ఆధారపడ్డారో, తరువాత ధర చెప్పే ఒక్కడి మాట మీద నేతగాళ్లు అలా ఆధారపడ్డారు.

కాశీ వీరన్న ఇంకా ఎదిగి శాంథోమ్‌ను గోల్కొండవారి దగ్గర ఇజారాకు తీసుకున్నాడు. 1680లో ఆయన పోయినప్పుడు కోట మీద ఫిరంగులు పేల్చి గౌరవించారు. అప్పటికి తిమ్మన్న లేడు. వీరన్న తరువాత ప్రధాన వర్తకుడైనవాడు తిమ్మన్న తమ్ముడు బేరి పెద్ద వెంకటాద్రి. గవర్నరు స్ట్రెయిన్‌షామ్ మాస్టర్ వర్తకులందరినీ వాటాదార్లుగా చేర్చి ఒక సంఘంగా నిలిపి ఆయనను ముందుంచాడు. ఈ మాస్టరే అంతకు ముందు ఏడాది, 1679లో, మచిలీపట్నం, మాధవాయపాలెం పర్యటించి గోదావరి పాయల నేత ఊళ్ల సంగతులు దినచర్యలో రాసుకున్నవాడు.

మాఫీ గడువు తీరింది

30 ఏళ్ల సుంకం మాఫీ 1640 నుంచి లెక్కిస్తే 1670తో సరి. ఆ తరువాత వరుసగా పన్నులు దిగాయి. వీధులు ఊడ్పించే ఖర్చుకని 1678లో మాస్టర్ ఇంటిపన్ను వేశాడు. 1680లో అద్దకపువారు, మరికొన్ని వృత్తులవారు పనులు ఆపి పట్టణం విడిచి శాంథోమ్ చేరారు. పన్నుల మీద ఎంత కోపమో, పెద్ద వెంకటాద్రి మీద అంత కోపం. పట్టణానికి వచ్చే సరుకు, తిండిగింజలు దారిలో ఆపారు. ప్రధాన వర్తకులను చంపుతామన్న బెదిరింపులు వచ్చాయి. కంపెనీ అదనంగా సిపాయిలను పెట్టి, వెళ్లినవారి ఆలుబిడ్డలను పట్టి ఉంచి వారిని దారికి తెచ్చింది. 1686లో పేటకు గోడ కట్టే ఖర్చుకని ఇంటిపన్ను వేస్తే మళ్లీ అలజడి.

వచ్చినప్పుడు చాటించిన మాటకు, ముప్పై నలభై ఏళ్ల తరువాత చేతికి వచ్చిన రసీదుకు మధ్య దూరం ఇది. మొదట వచ్చినవారిలో చాలామంది అప్పటికి లేరు. ఊళ్లోనే పుట్టిన వారి పిల్లలకు తిరిగి వెళ్లడానికి వేరే ఊరు లేదు. తిమ్మన్న రప్పించిన జనం, తిమ్మన్న తమ్ముడి మీదనే తిరగబడ్డారు.

కదిలిన దేవుడు

తిమ్మన్న కట్టించిన గుడికి ఆ చోటు శాశ్వతం కాలేదు. 1746లో ఫ్రెంచివారు మద్రాసును పట్టుకుని 1749 వరకు ఉంచుకున్నారు. తిరిగి స్వాధీనం చేసుకున్న ఇంగ్లీషువారు, కోట ముందు ఇళ్లు ఉంటే శత్రువుకు మాటు దొరుకుతుందని పాత పేటను నేలమట్టం చేశారు. 1757లో పట్నం కోవెలనూ పడగొట్టారు. అది ఉన్న చోటనే ఈనాడు హైకోర్టు ఆవరణ ఉంది. హైకోర్టు భవనం పూర్తయినది 1892లో. కోటకు, కొత్త పేటకు మధ్య ఇల్లు కట్టరాదని హద్దుగా 1773లో 13 స్తంభాలు నిలిపారు. వాటిలో ఒకటి ప్యారీస్ కార్నర్ వద్ద ఇంకా ఉంది.

గుడికి బదులు 1762లో కంపెనీ వేరే చోట స్థలం ఇచ్చింది. మణలి ముత్తుకృష్ణ మొదలియారు పూనుకుని, విరాళాలు చేర్చి జంట ఆలయాలను మళ్లీ కట్టించాడు. ఆయన కూడా ఒక గవర్నరుకు దుబాసీయే. పాలకొల్లు దుబాసీ కట్టిన గుడిని కంపెనీ కూల్చితే, మరొక దుబాసీ నిలబెట్టాడు.

ఎవరిది ఆ ఊరు?

1950ల మొదట ఆంధ్ర రాష్ట్ర ఉద్యమం ఉధృతంగా సాగినప్పుడు ఈ పాత కథలన్నీ మళ్లీ పైకి వచ్చాయి. నేల ఇచ్చిన దామర్లవారు తెలుగువారు, బేరం కుదిర్చిన తిమ్మన్న తెలుగువాడు, తొలి గుడి కట్టినది తెలుగువారు, కనుక మద్రాసు మనదే అన్నారు. పల్లె పేరు, పక్క ఊళ్లు, చుట్టూ ఉన్న జనం తమిళం కదా అని అవతలివారు అన్నారు. పొట్టి శ్రీరాములు 1952 డిసెంబరు 15న మద్రాసులోనే ప్రాణత్యాగం చేశారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం మద్రాసు లేకుండానే ఏర్పడింది. 1996లో తమిళనాడు ప్రభుత్వం మద్రాసు పేరు తీసివేసి చెన్నై అని మార్చినప్పుడు, నిలిచినది తెలుగు నాయకుడైన చెన్నప్ప పేరే కావడం విశేషం.

తిమ్మన్నను ఏమనాలి? ఆయన లేకపోయినా ఇంగ్లీషువారు ఎక్కడో ఒకచోట కోట కట్టేవారే. అయితే ఆ ఇసుక మీదకు జనాన్ని రప్పించి, వారికి గుడి ఇచ్చి, నిలదొక్కుకునేదాకా వ్యవహారం నడిపిన నేర్పు ఆయనది, ఆయన తోటివారిది. ఆ నేర్పుకు ప్రతిఫలంగా వచ్చిన గుత్తవ్యాపారంతో ఆ జనాన్నే బిగించినదీ వారే. ఈ రెండిటిలో ఒకటి ఉంచి రెండోది దాచితే ఆయన కథ సగమే చెప్పినట్లు.

కోనసీమ తీరాన సైతం నేల బేరాలు జరుగుతూనే ఉంటాయి. కాగితంలో ఉన్నదేమిటో స్వయంగా చదువుకోవడం, చదవలేకపోతే కొనేవాడి మనిషితో కాక తనకు నమ్మకమైన మరొకరితో చదివించుకోవడం, మాఫీ అన్నదానికి గడువు ఎంతో అడగడం అన్నవి 1639లో వందవాసి నాయకుడికీ, లండన్ కంపెనీకీ కూడా పనికివచ్చే జాగ్రత్తలే. వాటిని అప్పుడు ఎవరూ పాటించలేదు.

చెన్నై వెళ్లే మనవారు సెంట్రల్ స్టేషనులో దిగి, పూల బజారు పక్కన దేవరాజ మొదలి వీధి అని అడిగితే చెన్నకేశవ, చెన్నమల్లేశ్వర ఆలయాలకు దారి చూపుతారు. నిత్యపూజలు జరుగుతున్నాయి. అక్కడినుంచి కొంచెం తూర్పుగా నడిస్తే హైకోర్టు. బేరి తిమ్మన్న మొదట కొబ్బరికాయ కొట్టించిన చోటు అదే.